నమీబియా వేటకు సొంత రైఫిల్ తీసుకెళ్లాలా, అక్కడే అద్దెకు తీసుకోవాలా?

గాజువాక_గురి
వచ్చే జులైలో నమీబియా వెళ్తున్నాను. విండ్‌హుక్ దగ్గర ఒక వేట ఫారంలో ఏడు రోజులు. కూడూ, జెమ్స్‌బాక్, స్ప్రింగ్‌బాక్ అనే జింకజాతులు ఒక్కొక్కటి. ఒప్పంద పత్రం వచ్చింది, ఇంకా సంతకం చెయ్యలేదు. నా దగ్గర 30-06 బోల్ట్ యాక్షన్ రైఫిల్ (కాల్చిన ప్రతిసారీ చేత్తో గడియ లాగేది) ఉంది, కమిషనరేట్ ఇచ్చిన లైసెన్సు, ఆలిండియా చెల్లుతుంది. దారి: వైజాగ్ - ముంబై - జోహన్నెస్‌బర్గ్ - విండ్‌హుక్. టికెట్లు చూసే ఏజెంటు తుపాకీ మాట వినగానే ఫోన్ పెట్టేశాడు.

సొంత రైఫిల్ తీసుకెళ్తే ఎక్కడెక్కడ ఏ కాగితం కావాలి? లేదా అక్కడే అద్దెకు తీసుకుంటే ఏం చూసుకోవాలి? ఈ రెండూ తేలితే మిగతావి నేను చూసుకుంటా.

ఉప్పుగాలి
అద్దె. మొదటిసారి అయితే మరో ఆలోచన వద్దు గురూ. నాలుగు విమానాశ్రయాలు, మూడు దేశాల పోలీసు కౌంటర్లు, కనీసం ఇద్దరు ఎయిర్‌లైన్ల అనుమతి. వీటిలో ఏ ఒక్కటి తేడా కొట్టినా రైఫిల్ ఒక ఊళ్లో, నువ్వు ఒక ఊళ్లో. ఫారం వాళ్ల రైఫిల్ ఆ తూటాతో ఆ ఎత్తులో ముందే గురి సరిచేసి ఉంటుంది.

ఎంవీపీ_కాలనీ
పైవారితో ఏకీభవించను. రైఫిల్ మార్చి వేటకు వెళ్లడం అంటే పరీక్ష రోజున కొత్త పెన్ను కొన్నట్టు. బట్ (భుజానికి ఆనించే చెక్క) పొడవు, ట్రిగ్గర్ బరువు, సేఫ్టీ (పేలకుండా ఆపే మీట) ఎటు కదులుతుంది, ఇవన్నీ చేతికి తెలిసి ఉండాలి. కాగితాలు కష్టమే గానీ అసాధ్యం కాదు.

కొండగాలి
ముందు ఒక మాట. వేట మన దేశంలో నేరం కదా? ఇక్కడ దీని మీద చర్చ ఏంటి?

సెక్షన్_పది
మన దేశంలో నేరమే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 9. 1991 సవరణతో వేటకు లైసెన్సులు ఇచ్చే దారి కూడా మూసేశారు. ఆ చట్టం భారతదేశం లోపల వర్తిస్తుంది. నమీబియాలో అక్కడి పర్యావరణ శాఖ పర్మిట్‌తో, అక్కడ నమోదైన వేట గైడ్ పక్కన ఉండగా చేసే వేట ఆ దేశపు చట్టం కిందికి వస్తుంది. అడిగినది దాని గురించే.

ఇక అసలు ప్రశ్న. రైఫిల్ దేశం దాటించడానికి 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 10 చూడాలి. ఎగుమతి, దిగుమతి లైసెన్సు లేకుండా ఆయుధం సరిహద్దు దాటకూడదన్నది నియమం. దానికి మినహాయింపు ఉంది: చట్టబద్ధంగా ఆయుధం ఉంచుకునే హక్కున్న వ్యక్తి, తన సొంత వాడకానికి, సమంజసమైన పరిమాణంలో బయటికి తీసుకెళ్లొచ్చు, లోపలికి తేవొచ్చు. చాలామంది ఇక్కడిదాకా చదివి ఆగిపోతారు. అదే సెక్షన్ ఉపవిభాగం 2 ప్రకారం, మినహాయింపు నీకు వర్తిస్తుందా లేదా అని కస్టమ్స్ కమిషనర్‌కు సందేహం వస్తే, కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు వచ్చేదాకా ఆయుధాన్ని అట్టే పెట్టుకోవచ్చు. విమానం దొరకాల్సిన టైములో కౌంటర్ దగ్గర చట్టం చదివి వినిపించడం కుదరదు. కాబట్టి నెలల ముందే ముంబై కస్టమ్స్‌కు రాతపూర్వకంగా అడిగి, జవాబు చేతిలో పెట్టుకోవాలి.

ఇంకొకటి. వెళ్లేటప్పుడే కస్టమ్స్ దగ్గర రైఫిల్, దాని మీద బిగించే టెలిస్కోప్ రెండింటి సీరియల్ నంబర్లతో ఎగుమతి ధ్రువపత్రం రాయించుకో. తిరిగొచ్చేటప్పుడు 'ఇది ఇక్కడి నుంచి వెళ్లిన సామానే' అని చెప్పడానికి ఆ కాగితమే ఆధారం. టెలిస్కోప్ నంబర్ రాయించడం మర్చిపోయేవాళ్లు ఎక్కువ.

గాజువాక_గురి
@సెక్షన్_పది ఇది బంగారం. తూటాల సంగతి?

సెక్షన్_పది
లైసెన్సు మీద ఎన్ని రాసి ఉంటే అన్నిటిలోపే. ఎయిర్‌లైన్ వైపు నుంచి, అంతర్జాతీయ నియమం ప్రకారం మనిషికి ప్యాకింగ్‌తో కలిపి 5 కిలోలు, చెక్-ఇన్ సామానులో మాత్రమే. 30-06 తూటా ఒక్కటి సుమారు 26 గ్రాములు. వేటకు 40 నుంచి 60 చాలు, 60 అయినా కిలోన్నర దగ్గరే వస్తుంది. తిరుగు ప్రయాణంలో ఎక్కువ మిగల్చకు. బ్యాగేజీ రూల్స్‌లో 50కి మించిన తూటాలకు సుంకం మినహాయింపు లేదు.

జోబర్గ్_తెలుగోడు
దక్షిణాఫ్రికా సంగతి నేను చెప్తా, అసలు చిక్కు అక్కడే.

జోహన్నెస్‌బర్గ్‌లో దిగి సామాను నీ చేతికి వస్తే, నీ గమ్యం నమీబియా అయినా సరే, తుపాకీ దక్షిణాఫ్రికాలోకి వచ్చినట్టే లెక్క. అప్పుడు తాత్కాలిక దిగుమతి పర్మిట్ కావాలి, అక్కడి పోలీసు శాఖ దరఖాస్తు పత్రం, పేరు ఎస్ఏపీఎస్ 520. నల్ల సిరాతోనే, పెద్ద అక్షరాల్లో నింపాలి. సంతకం మాత్రం ఇంట్లో పెట్టకూడదు, పోలీసు అధికారి ఎదురుగా పెట్టాలి. ముందే సంతకం చేసి తెస్తే మళ్లీ కొత్త పత్రం నింపిస్తారు. జతచేయాల్సినవి: పాస్‌పోర్ట్ నకలు, తిరుగు టికెట్, తుపాకీ నీదేనని చూపే లైసెన్సు నకలు, వేట ఫారం వాళ్ల ఆహ్వాన లేఖ, ఎందుకు తెస్తున్నావో నువ్వు రాసిన లేఖ. ఒక్కో తుపాకీకి 200 తూటాలు దాటకూడదు. ఒకే క్యాలిబర్‌లో (గొట్టం కొలత) రెండు తుపాకులు ఒప్పుకోరు. సెమీ ఆటోమేటిక్ అస్సలు వద్దు.

సామాను ముంబైలోనే విండ్‌హుక్ దాకా ట్యాగ్ అయితే, రైఫిల్ విమానాశ్రయం లోపలే విమానం మారుతుంది, ఈ తలనొప్పి ఉండదు. దానికి ఒకే టికెట్ ఉండాలి. చవగ్గా వస్తుందని రెండు వేర్వేరు టికెట్లు కొంటే జోహన్నెస్‌బర్గ్‌లో సామాను దింపుకోవాల్సిందే. ట్యాగ్ మీద విమానాశ్రయం కోడ్ ముంబై కౌంటర్ దగ్గరే చదివి చూసుకో.

గాజువాక_గురి
నాకు ఏజెంటు చూపించింది రెండు టికెట్లే! అయితే అది క్యాన్సిల్.

ఎంవీపీ_కాలనీ
విండ్‌హుక్‌లో ఎలా?

జోబర్గ్_తెలుగోడు
అక్కడ సులువు. హోసియా కుటాకో విమానాశ్రయంలో దిగగానే పోలీసు కౌంటర్, అక్కడే దిగుమతి పర్మిట్ రాసిస్తారు. లైసెన్సులో ఉన్న సీరియల్ నంబర్, తుపాకీ మీద చెక్కిన నంబర్ ఒకటేనా అని చూస్తారు. పిస్టళ్లు, రివాల్వర్లు వేటకు తీసుకురానివ్వరు. తెచ్చిన రైఫిల్ ఏ క్యాలిబరో తూటాలు కూడా అదే అయ్యుండాలి. వెళ్లేటప్పుడు ఆ పర్మిట్ మళ్లీ చూపించాలి, కాబట్టి పాస్‌పోర్ట్‌తో పాటు దాచు.

పెదవాల్తేరు_పిల్లోడు
నా దగ్గర 315 రైఫిల్ ఉంది. దాంతో వెళ్లొచ్చా? ఊరికే తెలుసుకుందామని.

మూడు_కర్రలు
నమీబియాలో జంతువును బట్టి రైఫిల్‌కు కనీస శక్తి నిర్ణయించారు, గొట్టం చివర కొలిచింది. స్ప్రింగ్‌బాక్ లాంటి చిన్నవాటికి 1,350 జౌళ్లు. కూడూ, జెమ్స్‌బాక్, ఈలాండ్‌లకు 2,700. అడవిదున్న, ఏనుగు వర్గానికి 5,400. 180 గ్రెయిన్ల బరువున్న బుల్లెట్‌తో 30-06 దాదాపు 3,900 ఇస్తుంది, కాబట్టి ప్రశ్న అడిగినవారికి దిగులు లేదు.

315తో రెండు ఇబ్బందులు. బరువైన బుల్లెట్ నెమ్మదిగా వెళ్తుంది, 150 మీటర్లు దాటాక బాగా కిందికి వంగిపోతుంది. రెండోది, సామాను తప్పిపోతే ఆ తూటా అక్కడి ఏ దుకాణంలోనూ దొరకదు. 30-06, 308, 300 విన్‌మ్యాగ్ దొరుకుతాయి.

పెదవాల్తేరు_పిల్లోడు
అర్థమైంది. మన 315 మన అల్మారాలోనే హాయిగా ఉంటుంది 🙂

ఉత్తరాంధ్రోడు
ఏటి బాబూ ఇంత ఖర్చు, ఇంత గోల. మన ఏజెన్సీలో అడవిపందులు పంటలు తినేస్తున్నాయి, అటెళ్తే సరిపోదా?

సెక్షన్_పది
సరిపోదు. అడవిపంది కూడా చట్టం జాబితాలో ఉన్న జంతువే. పంట నష్టం ఉంటే అటవీ శాఖకు దరఖాస్తు పెట్టుకోవాలి, చంపడానికి అనుమతి ఇచ్చే అధికారం వాళ్లదే. లైసెన్సు ఉన్న రైఫిల్‌తో అలాంటి పని చేస్తే రైఫిల్ పోతుంది, లైసెన్సు పోతుంది, జైలు కూడా. నాటు తుపాకీ అయితే దాని మీద ఇంకో కేసు.

నిర్వాహకుడు
ఏజెన్సీ వేట గురించి ఇక్కడితో ఆపండి, తర్వాత వచ్చేవి తీసేస్తాను. అలాగే ఆయుధాల కొనుగోలు, అమ్మకాల ప్రస్తావన ఈ వేదికలో వద్దు.

కొండగాలి
చట్టం సంగతి ఒప్పుకుంటా. నాకు మాత్రం డబ్బిచ్చి జంతువును చంపడం మింగుడు పడదు.

జోబర్గ్_తెలుగోడు
@కొండగాలి ఆ అభిప్రాయాన్ని తప్పనను. అక్కడి లెక్క మాత్రం చెప్తా. 1996లో నమీబియా చట్టం మార్చి, సామూహిక భూముల్లో ఉండే ఊళ్లకు కన్జర్వెన్సీలు (వన్యప్రాణులను చూసుకునే ఊరి సంఘాలు) పెట్టుకుని వన్యప్రాణుల నుంచి ఆదాయం పొందే హక్కు ఇచ్చింది. వేట రుసుములో భాగం, మాంసం ఊరికి వెళ్తాయి. ప్రైవేటు ఫారాల్లో కూడా జంతువుకు విలువ ఉండబట్టే పశువుల బదులు జింకజాతులను ఉంచుతున్నారు. మాంసం ఏదీ వృథా పోదు.

కొండగాలి
సరే. జంతువు బాధపడకుండా ఒక్క దెబ్బతో పోవాలి, కనీసం అది నేర్చుకుని వెళ్లండి.

మూడు_కర్రలు
దీంతో వంద శాతం ఏకీభవిస్తా. కాగితాల మీద పెట్టిన శ్రద్ధలో సగం కూడా సాధన మీద పెట్టరు చాలామంది.

అక్కడ బల్ల మీద ఇసుక సంచి వేసుకుని కాల్చడం ఉండదు. గైడ్ మూడు కాళ్ల కర్రలు తెరిచి నీ ముందు నిలబెడతాడు, నువ్వు నిలబడే కాల్చాలి. గడ్డి, ముళ్లపొదలు ఛాతీ ఎత్తున ఉంటాయి, పడుకుంటే ఏమీ కనపడదు. సాధారణంగా దూరం 80 నుంచి 200 మీటర్లు. కాబట్టి ఈ రోజు నుంచే కర్రల మీద సాధన మొదలుపెట్టు.

కర్రలు కొనక్కర్లేదు. గట్టి వెదురు బొంగులు మూడు, ఒక్కోటి 1.8 మీటర్లు, బొటనవేలి కంటే కొంచెం లావు. పై నుంచి 15 సెంటీమీటర్ల కింద పాత సైకిల్ ట్యూబ్ ముక్కతో మూడింటినీ కలిపి నాలుగైదు చుట్లు బిగించు. తాడు వద్దు, జారుతుంది. ట్యూబ్ సాగుతుంది కాబట్టి కాళ్లు తెరిచినప్పుడు పై భాగంలో రైఫిల్ కూర్చునే గూడు వస్తుంది. కాళ్లు దగ్గరకో దూరానికో జరిపి ఎత్తు సరిచేసుకో. తల వంచకుండా కన్ను టెలిస్కోప్‌కు సూటిగా రావాలి.

రైఫిల్‌ను ముందు చెక్క మీద ఆనించాలి, గొట్టం మీద ఎప్పుడూ కాదు. గొట్టం కర్రకు తగిలితే గుండు పైకి పోతుంది. ఖాళీ చేత్తో కర్రల ముడినీ చెక్కనూ కలిపి పట్టుకుని శరీరాన్ని కొంచెం ముందుకు వాల్చు. కుడి మోచెయ్యి గాల్లో ఊగుతూ ఉంటుంది, ఊగిసలాట అంతా అక్కడి నుంచే వస్తుంది. దాన్ని పక్కటెముకలకు ఆనించు.

వైజాగ్‌లో పెద్ద రైఫిల్ కాల్చే అవకాశం తక్కువ, నిజమే. 4.5 మి.మీ. ఎయిర్ రైఫిల్ చాలు. 20 జౌళ్లలోపు అయితే లైసెన్సు అక్కర్లేదు. 10 మీటర్ల దూరంలో లక్ష్యాన్ని పదో వంతు చేసి గియ్యి. కూడూ ఛాతీలో ప్రాణభాగం సుమారు 20 సెంటీమీటర్లు, కాబట్టి 100 మీటర్లకు సమానంగా 2 సెంటీమీటర్ల వలయం, అంటే రూపాయి బిళ్లంత. స్ప్రింగ్‌బాక్‌కు 12 మి.మీ. వలయం. కర్రలు తెరవడం నుంచి కాల్చడం దాకా ఏడు సెకన్లలో పూర్తవ్వాలి. పదికి తొమ్మిది లోపల పడేదాకా దూరం పెంచకు.

ఎంవీపీ_కాలనీ
ఒక హెచ్చరిక. స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కు పెద్ద రైఫిల్ టెలిస్కోప్ బిగించొద్దు. స్ప్రింగ్ ముందుకీ వెనక్కీ రెండు కుదుపులిస్తుంది, మామూలు టెలిస్కోప్ లోపలి అద్దాలు వదులైపోతాయి. పైగా 100 మీటర్లకు సరిచేసిన టెలిస్కోప్‌లో 10 మీటర్ల లక్ష్యం మసగ్గా కనపడుతుంది.

పెదవాల్తేరు_పిల్లోడు
కంబాలకొండ ట్రెక్ దారిలో ఎయిర్ రైఫిల్ భుజాన వేసుకుని నడిస్తే నడక, మోత రెండూ అలవాటవుతాయి కదా?

సెక్షన్_పది
వద్దు! కంబాలకొండ వన్యప్రాణి అభయారణ్యం. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందస్తు రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో లోపలికి వెళ్లడం సెక్షన్ 31 ప్రకారం నేరం. జంతువును గాయపరచగల ఏ పరికరమైనా ఆ చట్టంలో ఆయుధమే. ఎయిర్ రైఫిల్, ఉండేలు, వల అన్నీ.

మూడు_కర్రలు
నడకకు సింహాచలం మెట్లు చాలు. భుజాన నాలుగు కిలోల సంచి వేసుకుని ఎక్కు. ఆయాసంలో కాల్చడం కావాలంటే మీ అపార్ట్‌మెంట్ మెట్లు నాలుగు అంతస్తులు పరుగున ఎక్కి, ఇంట్లోకి వచ్చి వెంటనే కర్రల మీద ఖాళీ రైఫిల్‌తో గురి పెట్టు. సగం ఊపిరి వదిలి, గుండె కొట్టుకునే సందులో ట్రిగ్గర్. తూటాలు మాత్రం వేరే గదిలో తాళంలో ఉండాలి, గది తలుపు వేసి ఉండాలి.

వాల్‌నట్_బట్
సొంత రైఫిల్ తీసుకెళ్లే వాళ్లకు ఇంకెవరూ చెప్పని విషయం: తేమ.

మన తీరంలో గాలి తడి. వాల్‌నట్ బట్ ఆ తేమ పీల్చి ఉబ్బి ఉంటుంది. నమీబియా పీఠభూమి జులైలో ఎముకలా పొడి, విండ్‌హుక్ ఎత్తు 1,650 మీటర్ల పైమాటే. వారం తిరక్కుండా చెక్క కుంచించుకుంటుంది, యాక్షన్ స్క్రూలు (తుపాకీ లోహభాగాన్ని చెక్కకు బిగించేవి) వదులవుతాయి, ముందు చెక్క వంపు మారి గొట్టానికి ఆనుకుంటుంది. ఇంటి దగ్గర సరిచేసిన గురి అక్కడ పది సెంటీమీటర్లు పక్కకు పోవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. నింద మాత్రం టెలిస్కోప్ మీద పడుతుంది.

చెయ్యాల్సింది: బయల్దేరేముందు బట్‌ను విప్పి, లోపలి వైపు, స్క్రూ రంధ్రాల్లో, బట్ చివరి రబ్బరు కింద ఉన్న పచ్చి చెక్కకు లిన్సీడ్ నూనో వార్నిషో పట్టించి బాగా ఆరనివ్వాలి. బయట నిగనిగలాడే పాలిష్ ఉన్నా లోపలే తేమ దారి. గొట్టం కింద ఒక నోటు కాగితం మడిచి దూర్చితే తూటా కూర్చునే ఛాంబర్ దాకా ఆటంకం లేకుండా జరగాలి. అక్కడికెళ్లాక టార్క్ స్క్రూడ్రైవర్‌తో టెలిస్కోప్ రింగులు 2 న్యూటన్ మీటర్ల లోపు, యాక్షన్ స్క్రూలు తయారీదారు చెప్పినంత బిగించాలి. రింగులను బలంగా తిప్పేస్తే టెలిస్కోప్ గొట్టం నొక్కుకుపోతుంది.

ఇంకా, సముద్రపు గాలికి తుప్పు పట్టకుండా గొట్టం లోపల మనం నూనె రాస్తాం కదా. ఆ నూనెతోనే మొదటి గుండు కాలిస్తే అది వేరే చోట పడుతుంది. లక్ష్యానికి వెళ్లేముందు పొడి గుడ్డతో తుడిచి, ఒకటి రెండు గుండ్లు కాల్చాకే లెక్కలోకి తీసుకో.

ఉప్పుగాలి
చూశారా, ఈ బాధలన్నీ అద్దె రైఫిల్‌కు లేవు.

వాల్‌నట్_బట్
సింథటిక్ బట్ ఉన్న సొంత రైఫిల్‌కు కూడా లేవు 🙂

గాజువాక_గురి
నాది చెక్కే. పెట్టె ఎలాంటిది కావాలి?

ఎంవీపీ_కాలనీ
గట్టి ప్లాస్టిక్ పెట్టె, 130 సెంటీమీటర్ల దాకా పొడవు, కనీసం రెండు తాళాలు. మూత ఒక మూల ఎత్తి చూస్తే వేలు దూరకూడదు. బోల్ట్ విప్పి విడిగా, అదే పెట్టెలో ఫోమ్ గూట్లో. తూటాలు ఆ పెట్టెలో వద్దు. కంపెనీ అట్టపెట్టెలోనే ఉంచి, తాళం వేసిన చిన్న పెట్టెలో పెట్టి, ఇంకో చెక్-ఇన్ సూట్‌కేసులో. రైఫిల్, పెట్టె కలిపి 10 కిలోలు అవుతాయి, అదనపు సామాను రుసుము ముందే కట్టు. ఎయిర్‌లైన్ అనుమతి ఈమెయిల్‌లో తీసుకుని ముద్రించు. ఫోన్‌లో 'సరే సార్' అన్నది కౌంటర్ దగ్గర చెల్లదు. వైజాగ్ విమానాశ్రయం నౌకాదళం ఐఎన్ఎస్ డేగా ఆవరణలో ఉంది, భద్రత మామూలు కంటే గట్టిగా ఉంటుంది. మూడు గంటల ముందు చేరుకో.

సెక్షన్_పది
దీనికి ఒకటి కలపాలి. వేటలో వాడిన బ్యాక్‌ప్యాక్‌ను తిరుగు ప్రయాణంలో క్యాబిన్ సంచిగా వాడొద్దు. అడుగు జేబులో ఒక్క తూటా మిగిలిపోతే ఎక్స్‌రేలో పడుతుంది, ఆ తర్వాత ఆయుధాల చట్టం కింద కేసు. అద్దె రైఫిల్ తీసుకున్న వాడికీ ఇదే ప్రమాదం. వాడికి తూటాల లైసెన్సు కూడా ఉండకపోవచ్చు, అప్పుడు ఇంకా కష్టం. ఖాళీ తొడుగులు కూడా గుర్తుగా తెచ్చుకోవద్దు. ప్యాంటు, జాకెట్ జేబులన్నీ బయటికి లాగి దులుపు.

పోర్టు_ఏరియా
ఆరోగ్యం గురించి ఎవరూ ఎత్తలేదు. చవక టికెట్ అని అడిస్ అబాబా, నైరోబీ మీదుగా వెళ్తే ఎల్లో ఫీవర్ టీకా కార్డు చూసుకోండి. ఇథియోపియా, కెన్యా ఆ వ్యాధి ఉన్న దేశాల జాబితాలో ఉన్నాయి, తిరిగి ఇండియాలో దిగేటప్పుడు అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచొచ్చు. టీకా వేయించిన పది రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది. మన వైజాగ్‌లో పోర్ట్ హెల్త్ కార్యాలయంలో అడగండి, ఓడల్లో పనిచేసేవాళ్లు వెళ్లేది అక్కడికే. మలేరియా ముప్పు నమీబియా ఉత్తరాన ఎక్కువ, విండ్‌హుక్ చుట్టుపక్కల చలికాలంలో తక్కువ.

గాజువాక_గురి
చలి ఎంత ఉంటుంది?

పోర్టు_ఏరియా
తెల్లవారుజామున సున్నా దగ్గరికి వెళ్తుంది, మధ్యాహ్నం 20 దాటుతుంది. తెరిచిన బండి వెనక నిలబడి వెళ్లాలి, చేతులు కొయ్యబారతాయి. వేలు కదిలేంత పల్చటి గ్లౌజులు తీసుకెళ్లు, వాటితోనే ట్రిగ్గర్ సాధన చెయ్యి.

మూడు_కర్రలు
గురి లెక్క కూడా రాసేస్తా. 180 గ్రెయిన్లు, సెకనుకు 820 మీటర్ల వేగం అనుకుంటే, 100 మీటర్ల దగ్గర 5 సెంటీమీటర్లు పైన పడేలా పెట్టు. అప్పుడు 190-200 మీటర్ల దగ్గర సరిగ్గా మధ్యలో పడుతుంది. అంటే 200 మీటర్ల లోపల ఎక్కడైనా తిన్నగా గురిపెట్టొచ్చు. 300 దగ్గర 25-30 సెంటీమీటర్లు కిందికి దిగిపోతుంది, కాబట్టి ఆ దూరంలో కాల్చవద్దు. ఎత్తు వల్ల గాలి పల్చన, గుండు కొంచెం తక్కువ వంగుతుంది, 200 లోపల ఆ తేడా లెక్కలోకి రాదు.

ఎక్కడ కొట్టాలి అన్నది ఇంకా ముఖ్యం. పక్కకు నిలబడిన జంతువు ముందు కాలి వెంట కన్ను పైకి తీసుకెళ్లు, ఛాతీ కింది గీత నుంచి మూడో వంతు ఎత్తులో ఆగు. గుండె, ఊపిరితిత్తుల కింది భాగం అక్కడే. చాలామంది కాలి వెనక, సగం ఎత్తులో కొడతారు, అది కడుపు వైపు పోతుంది. జెమ్స్‌బాక్‌తో ఇంకో తికమక. మెడ వెనక మూపురంలా ఎముకలు లేచి ఉంటాయి, ఆ ఎత్తు చూసి 'మధ్య' లెక్కేస్తే గుండు వెన్నుపూస పైన కండలో పోతుంది. జంతువు పడి, లేచి, కిలోమీటర్లు పరిగెడుతుంది. నీకు ఎదురు వైపుకు ఏటవాలుగా నిలబడితే ఆగు. అటు తిరిగి ఏటవాలుగా ఉంటే అవతలి ముందు కాలిని దృష్టిలో పెట్టుకుని గురిపెట్టు.

వెనకాల ఇంకో జంతువు ఉందేమో చూడకుండా కాల్చొద్దు. బుల్లెట్ దాటిపోతుంది. రక్తం చుక్క పడితే జంతువు దొరికినా దొరక్కపోయినా పూర్తి రుసుము కట్టాలి, ఒప్పందంలో ఉంటుంది చదువు. కాల్చగానే బోల్ట్ లాగి రెండో తూటా ఎక్కించి, టెలిస్కోప్‌లోనే చూస్తూ ఉండు. పరిగెత్తొద్దు. ఎప్పుడు కదలాలో గైడ్ చెప్తాడు.

ఎంవీపీ_కాలనీ
బుల్లెట్ రకం చెప్పలేదు. మెత్తని మొన ఉండి, లోపల సీసం తొడుగుకు అతుక్కుని ఉండే బాండెడ్ రకం, లేదా నాస్లర్ పార్టిషన్ లాంటిది. పూర్తి లోహపు తొడుగున్నవి ఈ జంతువులకు వద్దు, సన్నటి రంధ్రం చేసి దాటిపోతాయి.

గాజువాక_గురి
కొమ్ములు ఇంటికి తేవడం?

సెక్షన్_పది
ఆ మూడూ సైట్స్ (వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో లేవు. అయినా ఇక్కడ దింపాలంటే విదేశీ వాణిజ్య విభాగం, అటవీ శాఖ రాతపూర్వక అనుమతులు, జంతు క్వారంటైన్ కాగితాలు ముందే చేతిలో ఉండాలి. లేకపోతే కస్టమ్స్‌లోనే ఆగిపోతాయి. నా సలహా, ఫోటో తీసుకుని కొమ్ములు అక్కడే వదిలెయ్యి. హార్ట్‌మన్ జీబ్రా సైట్స్ రెండో అనుబంధంలో ఉంది. చిరుతపులి మొదటి అనుబంధంలో, పైగా మన చట్టంలో మొదటి షెడ్యూల్. ఫారం వాళ్లు తగ్గింపు ధర అన్నా వాటి జోలికి వెళ్లకు. మాంసం మాట అసలే వద్దు.

గాజువాక_గురి
అయితే అద్దెకే తేలుతోంది. ఒక్క విషయం, నేను ఎడమ భుజం మీద పెట్టి కాలుస్తాను. నా రైఫిల్ మామూలు కుడిచేతి బోల్టే, అలవాటైపోయింది.

ఎంవీపీ_కాలనీ
ఇది ముందే చెప్పాలి కదా తమ్ముడూ! అద్దె రైఫిళ్లు దాదాపు అన్నీ కుడిచేతివే. బట్ మీద చెంప ఆనించే ఎత్తు ఎడమ వైపే ఉంటుంది. నీ చెంప కుడి వైపు ఆనుతుంది, అక్కడ చెక్క చదును, కన్ను టెలిస్కోప్ కిందికి దిగిపోతుంది. సొంతదే తీసుకెళ్లు.

ఉప్పుగాలి
తొందరపడకండి. కుడిచేతి బోల్ట్ అలవాటున్న ఎడమ భుజం మనిషికి కర్రల మీద లాభం కూడా ఉంది. రైఫిల్ కర్రల మీద కూర్చుని ఉంటుంది, ఎడమ చెయ్యి ట్రిగ్గర్ దగ్గరే ఉంచి, కుడి చేత్తో బోల్ట్ లాగొచ్చు. తల కదలదు. చెంప ఎత్తు సమస్యకు, పట్టీతో బిగించే మెత్తటి చెంప దిండు ఒకటి సామానులో వేసుకుంటే చాలు, దానికి ఏ అనుమతీ అక్కర్లేదు.

ఫారం వాళ్లకు ఈమెయిల్‌లో ఇవి అడుగు: రైఫిల్ తయారీ, మోడల్, క్యాలిబర్. బట్‌కు రెండు వైపులా ఒకేలా ఉండేది ఉందా. సేఫ్టీ ఎక్కడ, ఎడమ బొటనవేలికి అందుతుందా. సైలెన్సర్ ఉందా, ఉంటే వేటంతా అది బిగించే ఉంటుందా, ఎందుకంటే తీస్తే గురి మారుతుంది. అక్కడ జర్మన్ మూలాలున్న ఫారాలు ఎక్కువ కాబట్టి సెట్ ట్రిగ్గర్ ఉందేమో అడుగు, అది ఒకసారి సిద్ధం చేశాక వేలు తగిలితే చాలు పేలుతుంది. బ్లేజర్ ఆర్8 ఇస్తామంటే అందులో మామూలు సేఫ్టీ ఉండదు, వెనక మీట బొటనవేలితో నొక్కితేనే సిద్ధమవుతుంది, బోల్ట్ కూడా పైకి తిప్పకుండా తిన్నగా వెనక్కి లాగేదే. మొదటి రోజు వేటకు వెళ్లేముందు లక్ష్యం మీద కాల్చడానికి ఎన్ని తూటాలు ఇస్తారో కూడా. మూడు తక్కువ, పది అడుగు.

గాజువాక_గురి
రాత్రే పంపిస్తా. సైలెన్సర్‌తో ముందు బరువు పెరుగుతుందా?

మూడు_కర్రలు
పెరుగుతుంది, అరకిలో దాకా. నీ ఎయిర్ రైఫిల్ గొట్టం చివర అరలీటరు నీళ్ల సీసా టేపుతో కట్టి కర్రల మీద గురి పెట్టే సాధన చెయ్యి, కాల్చకుండా. రైఫిల్‌ను ఇంకో రెండు అంగుళాలు వెనక్కి జరిపి ఆనించాల్సి వస్తుంది.

వాల్‌నట్_బట్
ఎడమ భుజం కాబట్టి కళ్లద్దాలు తప్పనిసరి. కుడిచేతి యాక్షన్‌లో తూటా తొడుగు బయటికొచ్చే కిటికీ నీ ముఖం వైపే ఉంటుంది, తొడుగు పగిలితే వేడి గ్యాస్ నేరుగా కంటికి. పాలీకార్బొనేట్ అద్దాలు, పక్కలు మూసి ఉన్నవి. చవక ఎండ కళ్లద్దాలు పనికిరావు.